మార్చిలో చౌక, జులైలో మంట: కూరగాయల హోల్‌సేల్ ధరను ఎలా చదవాలి?

మహాశివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది, శ్రీరామనవమి దాకా కూరగాయల మార్కెట్ ఒక వింత దశలో ఉంటుంది. టమాటా, వంకాయ, క్యాబేజీ చౌకగా దొరుకుతాయి. అదే సమయంలో నిమ్మకాయ, కొత్తిమీర ధరలు పైకి లేస్తుంటాయి. ఒకపక్క రైతులు టమాటాను రోడ్డు పక్కన పారబోస్తున్న దృశ్యాలు టీవీల్లో వస్తాయి. మరోపక్క మన వీధిలో తోపుడు బండి మీద అదే టమాటా కిలో రూ.20కి తగ్గదు.

ఈ తేడా ఎందుకు? హోల్‌సేల్ ధరను సామాన్యులు ఎక్కడ చూడొచ్చు? ఈ నెలల్లో ఏ సరుకు నాణ్యత ఎలా ఉంటుంది? తూకంలోనో, నాణ్యతలోనో మోసం జరిగితే ఎవరికి చెప్పాలి?

అన్నింటికన్నా ముందు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డులో పలికే ధర ఆ రోజు వంటకు మాత్రమే సంబంధించింది కాదు. జూన్, జులై నెలల్లో మన కూరగాయల ఖర్చు ఎలా ఉండబోతోందో అది ముందుగానే చెబుతుంది.

యార్డులో ధర ఎలా ఖరారవుతుంది?

హైదరాబాద్‌కు వచ్చే కూరగాయల్లో పెద్ద భాగం బోయిన్‌పల్లి మార్కెట్ యార్డుకు చేరుతుంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కూ కూరగాయలు వస్తాయి. ఉల్లిగడ్డకు మలక్‌పేట మార్కెట్ ముఖ్యం. పండ్ల మార్కెట్ ఒకప్పుడు గడ్డిఅన్నారంలో ఉండేది. దాన్ని 2021లో నగర శివారులోని బాటసింగారానికి తరలించారు.

లారీలు, డీసీఎంలు రాత్రికే యార్డుకు చేరుకుంటాయి. తెల్లవారుజామున కమీషన్ ఏజెంట్ల సమక్షంలో అమ్మకాలు మొదలవుతాయి. టమాటాను సుమారు 25 కిలోల ప్లాస్టిక్ బాక్సుల లెక్కన, ఆకుకూరలను కట్టల లెక్కన, ఉల్లి, ఆలుగడ్డలను బస్తాల లెక్కన కొంటారు. తెల్లారేసరికి మంచి సరుకు అమ్ముడైపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ మిగిలిన సరుకు ధర పడిపోతుంది. కూరగాయకు నిల్వ ఉండే గుణం లేదు కాబట్టి బేరంలో రైతుకు పట్టు తక్కువ. వెనక్కి తీసుకెళ్లాలంటే మళ్లీ బండి కిరాయి కట్టాలి.

ఒకే రోజు, ఒకే యార్డులో ఒకే కూరగాయకు మూడు ధరలు ఉండడం మామూలే. గట్టిగా, ఒకే సైజులో, మచ్చ లేకుండా ఉన్న సరుకుకు గరిష్ఠ ధర పలుకుతుంది. మెత్తబడిన, చిన్న కాయల సరుకుకు కనిష్ఠ ధర వస్తుంది. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో దాన్ని 'మోడల్ ధర' అంటారు. వార్తల్లో ధర పతనమైందని వచ్చినప్పుడు అది కనిష్ఠమా, మోడలా అన్నది చూడాలి. రెండింటి మధ్య తేడా చాలా ఉండొచ్చు.

యార్డులో రూ.10 ఉన్న టమాటా మన వీధికి రూ.20 ఎలా అవుతుంది?

అర్థమవడానికి ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇందులోని అంకెలు నమూనా కోసమే. ఊరిని, రోజును బట్టి మారతాయి.

- 25 కిలోల బాక్సు, కిలో రూ.10 చొప్పున: రూ.250
- హమాలీ, ఆటో కిరాయిలో వాటా: రూ.40
- మొత్తం పెట్టుబడి: రూ.290
- నలిగినవి, పగిలినవి ఏరేస్తే పోయేది: 3 కిలోలు
- అమ్మకానికి మిగిలేది: 22 కిలోలు

అంటే బండి మీద పేర్చే సమయానికే కిలో రూ.13 దాటింది. ఇందులో 18 కిలోలు రూ.20 చొప్పున అమ్మితే రూ.360 వస్తుంది. సాయంత్రానికి మిగిలిన 4 కిలోలను సగం ధరకు వదిలించుకుంటే మరో రూ.40. మొత్తం రూ.400. పెట్టుబడి తీసేస్తే బాక్సు మీద ఆ చిరువ్యాపారికి మిగిలేది రూ.110.

ఇప్పుడు యార్డులో ధర సగానికి, అంటే కిలో రూ.5కు పడిపోయిందనుకుందాం. బాక్సు ధర రూ.125 అవుతుంది. కానీ హమాలీ కూలి తగ్గదు, ఆటో కిరాయి తగ్గదు, నలిగిపోయే కాయలూ తగ్గవు. బండి మీదకు చేరేసరికి కిలో రూ.7.50 పడుతుంది. వ్యాపారికి బాక్సు మీద అదే రూ.110 మిగలాలంటే మనకు కిలో రూ.14 వరకు అమ్మాలి. హోల్‌సేల్ ధర సగానికి పడినా వీధిలో ధర సగానికి పడకపోవడానికి ప్రధాన కారణం ఇదే. ధర ఎంతున్నా మారని ఖర్చులు మధ్యలో ఉన్నాయి.

రైతు వైపు ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. కోత కూలి, బాక్సు అద్దె, బండి కిరాయి, కమీషన్ అన్నీ ఆ రూ.125లోంచే పోవాలి. తరుగు పేరిట తూకంలో కోత పడితే అదనపు నష్టం. కాయ కోస్తే వచ్చే డబ్బు కన్నా కోయించడానికయ్యే ఖర్చు ఎక్కువైన రోజున రైతు పంటను తోటలోనే వదిలేస్తాడు. కర్నూలు ప్రాంతంలోని పత్తికొండ మార్కెట్ నుంచి టమాటా పారబోత వార్తలు తరచూ రావడం వెనకున్న లెక్క ఇదే.

రిజర్వ్ బ్యాంక్ 2024లో విడుదల చేసిన అధ్యయన పత్రం ప్రకారం, వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో సుమారు 33 పైసలు, ఉల్లిలో 36 పైసలు, ఆలుగడ్డలో 37 పైసలు. మిగతాదంతా దళారుల లాభమే అనుకోవడం సరికాదు. రవాణా, కూలి, వృథా కూడా అందులోనే ఉన్నాయి. నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022 నాటి అధ్యయనం ప్రకారం, కోత తర్వాత కూరగాయల్లో రకాన్ని బట్టి 4.87 నుంచి 11.61 శాతం వరకు వృథా అవుతోంది. అందులో అత్యధికం టమాటాదే.

ఇప్పటి చౌక ధర జులై ధరను ఎలా నిర్ణయిస్తుంది?

టమాటా నారు నాటిన తర్వాత మొదటి కోతకు సుమారు 60 నుంచి 75 రోజులు పడుతుంది. అంటే జూన్‌లో మార్కెట్‌కు రావాల్సిన పంటను మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే యార్డులో ధర అడుగంటి ఉంటే కొత్తగా నాటేందుకు రైతు వెనకాడతాడు. ఉన్న తోటకు మందు కొట్టడం, నీరు పెట్టడం కూడా మానేస్తాడు. రెండు నెలల తర్వాత సరుకు తగ్గుతుంది.

దీనికి ఎండ తోడవుతుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం. మైదాన ప్రాంతాల్లో పంట అయిపోయాక వేసవిలో మన రెండు రాష్ట్రాలకు పెద్ద దిక్కు కాస్త ఎత్తైన, చల్లని ప్రాంతాలైన మదనపల్లె, దాని పక్కనే కర్ణాటకలో ఉన్న కోలారు. చలికాలంలో అనేక జిల్లాల నుంచి వచ్చే సరుకు వేసవిలో కొద్ది ప్రాంతాలకు పరిమితమవుతుంది. అక్కడ తెగులు వచ్చినా, గాలివాన కొట్టినా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనే కాదు, చెన్నైలో కూడా ధర కదులుతుంది.

2023లో జరిగింది ఇదే. ఆ ఏడాది వసంతంలో టమాటా ధర పడిపోయి రైతులు నష్టపోయారు. తర్వాత కోలారు ప్రాంతంలో తెల్లదోమ వల్ల వచ్చిన తెగులు పంటను దెబ్బతీసింది. ఉత్తరాదిన వర్షాలు రవాణాకు అడ్డుపడ్డాయి. జులైకల్లా దేశంలోని అనేక నగరాల్లో కిలో రూ.100 దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటా కొని రైతుబజార్లలో కిలో రూ.50కి అమ్మించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో కొని జులై 14 నుంచి ఢిల్లీలో రాయితీ ధరకు అమ్మాయి.

అందుకే మార్చిలో ప్రభుత్వం చేసే కొనుగోలుకు, జులైలో చేసే రాయితీ అమ్మకానికి సంబంధం ఉంది. మద్దతు ధర లేని పంటల కోసం 'మార్కెట్ జోక్య పథకం' ఉంది. అంతకుముందు సాధారణ సంవత్సరంతో పోలిస్తే ధర కనీసం 10 శాతం పడిపోయినప్పుడు రాష్ట్రం కోరితే కేంద్రం దీన్ని అమలు చేస్తుంది. 2025లో దీని నిబంధనలు మార్చారు. సరుకు కొనకుండా ధరలోని తేడాను నేరుగా రైతు ఖాతాలో వేసే వీలు కల్పించారు. ఈ సాయం కోతల సమయంలోనే అందితే రైతు మరో పంట నాటే ధైర్యం చేస్తాడు. కోతలు అయిపోయాక వస్తే ఆ సీజన్‌కు పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈ మూడు నెలల్లో ఏది ఎలా ఉంటుంది?

ఉల్లిగడ్డ: ఫిబ్రవరిలో చౌకగా కనిపించగానే బస్తా కొనేయకండి. జనవరి నుంచి మార్చి వరకు వచ్చే ఉల్లిలో తేమ ఎక్కువ. త్వరగా మొలకెత్తుతుంది, కుళ్లుతుంది. మార్చి చివర నుంచి మే వరకు కోతకొచ్చే రబీ ఉల్లి సరిగ్గా ఆరబెడితే నాలుగైదు నెలలు నిల్వ ఉంటుంది. దేశ ఉత్పత్తిలో సుమారు 70 శాతం ఇదే. అక్టోబరు వరకు దేశం తినేది ఎక్కువగా ఈ నిల్వలే. కేంద్రం ధరల స్థిరీకరణ కోసం సేకరించేది కూడా రబీ ఉల్లినే. 2024లో 4.7 లక్షల టన్నులు సేకరించింది. ఇంట్లో నిల్వ పెట్టుకోవాలంటే పొర గట్టిగా, మెడ సన్నగా ఎండిన గడ్డలను ఏప్రిల్ చివర్లోనో, మేలోనో కొనండి.

టమాటా: మార్చి తర్వాత కాయ పూర్తిగా ఎర్రబడకుండా నారింజ, పసుపు ఛాయలో ఉండడం ఎక్కువవుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ సరిగా ఏర్పడదు. ఇది కల్తీ కాదు, ఎండ ప్రభావం. తొడిమ దగ్గర తెల్లగా బొబ్బ కట్టినట్టున్న కాయ మాత్రం వద్దు. అది ఎండదెబ్బ తిన్నది, త్వరగా పాడవుతుంది. పచ్చిగా, దోరగా ఉన్న కాయలను వెంటనే ఫ్రిజ్‌లో పెడితే సరిగా పండవు. బయట ఉంచి, పండాక ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆకుకూరలు, కొత్తిమీర: హైదరాబాద్‌కు ఇవి ఎక్కువగా రంగారెడ్డి, వికారాబాద్, మేడ్చల్, సంగారెడ్డి జిల్లాల నుంచి వస్తాయి. మార్చి నుంచి బోర్లలో నీరు తగ్గుతుంది కాబట్టి సరుకు తగ్గి ధర పెరుగుతుంది. ధర అదే ఉన్నా కట్ట సైజు తగ్గడం మరో రకం పెరుగుదల. ధరతోపాటు కట్టనూ చూడండి.

నిమ్మకాయ: ఎండలతోపాటు వాడకం పెరిగే సమయానికి తోటల్లో కాపు తక్కువ. ప్రధాన కాపు వర్షాకాలంలో వస్తుంది. అందుకే గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్లలో మార్చి, ఏప్రిల్ ధరలు ఏటా వార్త అవుతాయి. ఈ ధర సాధారణంగా వానలు పడ్డాక దిగుతుంది.

మునగకాయ: ఈ సీజన్‌లో సమృద్ధిగా, చౌకగా దొరికే కూరగాయల్లో ఇదొకటి. వేళ్లతో మెలిపెడితే కొద్దిగా వంగే కాయ లేతది.

బీన్స్, క్యారెట్, పచ్చి బఠాణీ: బఠాణీ సీజన్ మార్చికల్లా ముగుస్తుంది. బీన్స్, క్యారెట్ ఎక్కువగా కర్ణాటక వైపు నుంచి రావాలి. దూరం పెరిగిన కొద్దీ రవాణా ఖర్చు ధరలో కలుస్తుంది.

పుచ్చకాయ, ద్రాక్ష: మార్చిలో సరుకు దండిగా వస్తుంది. కొన్నేళ్లుగా రంజాన్ మాసం కూడా ఈ నెలల్లోనే రావడంతో పండ్లకు గిరాకీ ఒక్కసారిగా పెరుగుతోంది. పుచ్చకాయ నేలకు ఆనిన చోట మచ్చ తెల్లగా కాకుండా పసుపుగా ఉంటే తీగపైనే పక్వానికి వచ్చిందని అర్థం.

మార్చిలోనే పసుపు పచ్చగా మెరిసే మామిడి కొనొచ్చా?

బంగినపల్లి సాధారణంగా ఏప్రిల్ నుంచి జోరందుకుంటుంది. అంతకుముందే మార్కెట్లో నిండు పసుపు రంగులో కనిపిస్తే పక్వానికి రాని కాయను మగ్గబెట్టారేమోనని అనుమానించాలి.

కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మగ్గబెట్టడం నిషేధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉండే ప్రమాదం ఉంది. కార్బైడ్ వాడకంపై 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది. అయితే కృత్రిమంగా మగ్గబెట్టడమే తప్పు కాదు. పండులో సహజంగానే ఉండే ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడేందుకు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) అనుమతి ఉంది. మార్కెట్లలోని రైపనింగ్ ఛాంబర్లు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

కార్బైడ్ వాడారా లేదా అన్నది కంటితో చూసి కచ్చితంగా చెప్పలేం. పైన ఏకరీతి పసుపు ఉండి వాసన లేకపోవడం, లోపల గట్టిగా, పుల్లగా ఉండడం అనుమానించదగ్గ లక్షణాలు. పచ్చికాయ కొని ఇంట్లో మగ్గబెట్టుకునేవారు నీటిలో వేసి చూడొచ్చు. పక్వానికి వచ్చిన కాయ మునుగుతుంది. లేత కాయ తేలుతుంది. ఏ పండునైనా పారే నీటిలో బాగా కడిగి తినండి.

హోల్‌సేల్ ధరను ఫోన్‌లో ఎక్కడ చూడాలి?

1. అగ్‌మార్క్‌నెట్: దేశంలోని యార్డుల్లో రోజువారీ సరుకు రాక, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఇందులో ఉంటాయి. ధర క్వింటాలుకు ఇస్తారు. 100తో భాగిస్తే కిలో ధర వస్తుంది. మోడల్ ధర రూ.1,200 అంటే కిలో రూ.12.

2. ఈ-నామ్: 2016 ఏప్రిల్ 14న మొదలైన ఆన్‌లైన్ వేలం వేదిక. ఇందులో చేరిన మార్కెట్ల ధరలను యాప్‌లో చూడొచ్చు.

3. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ: 2024 ఆగస్టు నుంచి 38 నిత్యావసరాల ధరలను దేశవ్యాప్తంగా ఉన్న కేంద్రాల నుంచి రోజూ సేకరిస్తోంది. రిటైల్, హోల్‌సేల్ ధరలను పక్కపక్కన పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

4. రైతుబజారు బోర్డు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లు బాగా తెలిసినవి. ఇక్కడ ధరను రోజూ ఉదయం హోల్‌సేల్ కన్నా కొంత ఎక్కువగా, బయటి రిటైల్ కన్నా తక్కువగా ఉండేలా నిర్ణయించి బోర్డుపై రాస్తారు. అంతకు మించి అడిగితే అక్కడే ఉండే ఎస్టేట్ అధికారికి చెప్పొచ్చు.

ఒక్క రోజు ధర చూసి నిర్ణయానికి రావద్దు. వారం రోజుల ధరతోపాటు సరుకు రాకనూ చూడండి. ధర తక్కువ, రాక ఎక్కువ ఉంటే సీజన్ జోరుగా ఉన్నట్టు. ధర తక్కువగానే ఉన్నా రాక కూడా వారం వారం తగ్గుతోందంటే రైతులు కోత ఆపేస్తున్నారేమోనని చూడాలి. ఏప్రిల్‌లో అలా కనిపిస్తే వేసవిలో ధర పెరిగే అవకాశం ఎక్కువ.

మోసం జరిగితే ఎవరికి చెప్పాలి?

- తూకంలో తేడా: తూనికలు, కొలతల శాఖ. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తనిఖీ చేసి ముద్ర వేయించాలి. ఆ ముద్ర ఉందా అని అడిగే హక్కు కొనేవారికి ఉంది.
- కార్బైడ్, రంగులు, కుళ్లిన సరుకు: రాష్ట్ర ఆహార భద్రత విభాగం. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800-112-100.
- బిల్లు, యాప్ డెలివరీ వివాదాలు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.
- యార్డులో అదనపు కమీషన్, తరుగు: ఆ మార్కెట్ కమిటీ కార్యదర్శి. రైతు తక్‌పట్టీ, అంటే అమ్మకం రసీదు, దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా ఫిర్యాదు నిలవడం కష్టం.

కొనేవాళ్లు చేయగలిగిందేమిటి?

టమాటా బాగా చౌకగా ఉన్న వారాల్లో రెండు మూడు కిలోలు అదనంగా కొని ఊరగాయ, ఒరుగులు, ప్యూరీ చేసుకుంటే వేసవి ఖర్చు కొంత తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లలో నాలుగైదు కుటుంబాలు కలిసి బాక్సు లెక్కన కొంటే మధ్యలోని ఖర్చు తగ్గుతుంది. వారాంతంలో రైతుబజారుకు తెల్లారే వెళ్తే గుర్తింపు కార్డున్న రైతుల దగ్గరే కొనొచ్చు.

యార్డులో ధర కిలో రూ.5కు చేరిన రోజున వీధి వ్యాపారితో రెండు రూపాయల కోసం బేరమాడే ముందు పైన చెప్పిన బాక్సు లెక్క ఒకసారి వేసుకోండి. ఆయనకు మిగిలేదీ తక్కువే. ఆ ధర దగ్గర అసలు నష్టపోయేది తోటలోని రైతు. మార్చిలో ఆయన నాటడం మానేసిన మొక్కలే జులైలో మన మార్కెట్లో కనిపించకుండా పోయే కాయలు.